ఆటవెలది నుంచి చంపకమాల దాకా: పద్యం కట్టడం నేను నేర్చుకున్న వరస

బడిలో గణవిభజన అందరం చేశాం. పద్యపాదం ఇస్తే గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, కింద "ఇది ఉత్పలమాల" అని రాస్తే మార్కులు పడేవి. ఆ చదువుకీ పద్యం రాయడానికీ సంబంధం తక్కువని కలం పట్టుకున్న మొదటి రోజే తెలిసింది. గణాలు కంఠతా వచ్చు, "యమాతారాజభానసలగం" నిద్రలో లేపి అడిగినా చెప్పగలను, కానీ ఒక్క పాదం కదలదు. చాలా పుస్తకాలు వృత్తాలతో మొదలుపెడతాయి. నేనూ ఉత్పలమాలతోనే మొదలుపెట్టి పది రోజులు పాడుచేసుకున్నాను. తర్వాత వరస మార్చాను: ఆటవెలది, తేటగీతి, సీసం, కందం, చివర్లో వృత్తాలు. ఇప్పుడు ఎవరు అడిగినా ఇదే వరస చెబుతున్నాను.

ముందు గురులఘువుల దగ్గర తప్పులు పోవాలి. దీర్ఘం గురువు, సున్నా ఉన్నది గురువు, జంటక్షరానికి ముందున్నది గురువు. ఇంతవరకు అందరికీ తెలుసు. తప్పు జరిగేది అంచుల్లో. "అమృతము"లో "అ" లఘువే. "మృ"లో ఉన్నది వట్రసుడి, అంటే అచ్చు. అది జంటక్షరం కాదు. "కృష్ణ"లో "కృ" గురువయ్యేది వట్రసుడి వల్ల కాదు, వెనక "ష్ణ" ఉన్నందువల్ల. ఇక మాటకీ మాటకీ మధ్య: "చేసి స్నానము" అంటే "సి" లఘువుగానే ఉంటుంది, ఎందుకంటే అవి రెండు వేరు మాటలు. "రామస్మరణ" అంటే సమాసం, అక్కడ "మ" గురువు. ఈ రెండో తేడాని గణాలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్లు కూడా ఒక్కోసారి పట్టుకోలేవు. మాటల మధ్య ఖాళీ ఇచ్చామా లేదా అన్నదాన్ని బట్టి లెక్క మార్చేస్తాయి.

ఆటవెలదికి కావలసినవి రెండు రకాల గణాలు, అంటే గురులఘువుల గుంపులు (ల అంటే లఘువు, గ అంటే గురువు). సూర్యగణాలు రెండే: న (లలల), హ (గల). ఇంద్రగణాలు ఆరు: నల (లలలల), నగ (లలలగ), సల (లలగల), భ (గలల), ర (గలగ), త (గగల). ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే ఆ అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి. ప్రాస, అంటే అన్ని పాదాల్లో రెండో అక్షరం కలవడం, అక్కర్లేదు. ప్రాస లేకపోవడమే కొత్తవాళ్ళకు పెద్ద వరం.

వేమన పద్యాల్లో చాలావరకు ఆటవెలదులే కాబట్టి ఆ నడక తెలుగువాళ్ళ చెవిలో చిన్నప్పటినుంచీ ఉంటుంది. కలం పట్టుకునే ముందు రోజూ ఓ పది పద్యాలు పైకి చదివి, సూర్యగణానికోసారి చిటిక వేశాను. వారానికల్లా తప్పు గణం పడితే లెక్కపెట్టకుండానే ఎక్కడో కుంటినట్టు తెలిసింది. ఇంకో వెసులుబాటు మకుటం. నాలుగో పాదం ఒకసారి కుదుర్చుకుంటే మిగతాది మూడు పాదాల పనే. "చిన్ని మాట వినుము చిట్టి తల్లి" అని ఒకటి పెట్టుకుని దానికి పైన మూడేసి పాదాలు కడుతూ పోయాను. అయిదూ సూర్యగణాలే, యతి "చి"కి "చి". అలా ఇరవై పద్యాలయ్యాక మకుటం వదిలేశాను.

మొదట చేసిన పని వచనంలో ఒక వాక్యం రాసుకోవడం. "వాన రాదనుకుని గొడుగు ఇంట్లో వదిలి వచ్చాను, బస్సు రాలేదు, తడిసి ముద్దయ్యాను." ఇంతే విషయం. దీన్ని ఆటవెలదిలో పెట్టబోతే మొదట అడ్డం పడిన మాట "రాలేదు". దాని గణం గగల. సూర్యగణాలు రెండూ లఘువుతోనే ముగుస్తాయి కాబట్టి, వరసగా సూర్యగణాలున్నచోట రెండు గురువులు పక్కపక్కన రావు, రాలేవు. ఈ సంగతి ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. పాతిక కాగితాలు చింపాక తెలిసింది. ఇప్పటి మన క్రియలు చూడండి: రాలేదు, వెళ్ళాడు, చూశాను, చేశాను, అన్నాను. అన్నీ గగలలే. ఆటవెలది రెండో పాదంలో, నాలుగో పాదంలో వీటిలో ఒక్కటీ ఇమడదు. పద్యం రాయగానే భాష "వచ్చితి, చేసితి" అని గ్రాంథికంలోకి జారిపోవడానికి సగం కారణం ఇదే. పాండిత్యం చూపించాలని కాదు, చోటు లేక.

చివరికి ఇలా కుదిరింది:

వాన రాదటంచు వచ్చితి వీధికి
గొడుగు విడిచినాను గోడ మూల
బస్సు రాదు, రోడ్డు పైననే చెరువాయె
తడిసి ముద్దనైతి దారిలోనె

మొదటి పాదం విడదీస్తే: వాన (గల) రాద (గల) టంచు (గల) వచ్చితి (గలల) వీధికి (గలల). మూడు సూర్యగణాలు, ఆపైన రెండు భగణాలు. రెండోది: గొడుగు, విడిచి, నాను, గోడ, మూల. అన్నీ సూర్యగణాలే. మూడోదాంట్లో చివరి రెండు గణాలు "పైననే" (ర), "చెరువాయె" (సల). "రాలేదు" పోయి "రాదు" వచ్చింది. అర్థం కాస్త మారింది, కానీ చెడలేదు.

యతి సంగతి ఇక్కడే చెప్పాలి. మొదటి పాదంలో "వా"కి "వ", రెండోదాంట్లో "గొ"కి "గో". ఇవి తేలిక. మూడోదాంట్లో "బ"కి "పై" పడింది. ఇది చూసి యతి తప్పిందనుకునేవాళ్ళున్నారు. తప్పలేదు. యతికి హల్లూ కలవాలి, అచ్చూ కలవాలి. హల్లుల్లో ప, ఫ, బ, భ, వ ఒక జట్టు. క, ఖ, గ, ఘ ఒకటి. త, థ, ద, ధ ఒకటి. ట, ఠ, డ, ఢ ఒకటి. చ, ఛ, జ, ఝలతో శ, ష, స కలుస్తాయి. న, ణ ఒకటి. అచ్చుల్లో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒకటి. ఉ, ఊ, ఒ, ఓ ఒకటి. "బ"లో అ, "పై"లో ఐ, ఒకే జట్టు. నాలుగో పాదంలో "త"కి "దా". కొత్తల్లో హల్లు ఒక్కటే చూసుకుని "త"కి "తీ" వేసేవాణ్ణి. అది చెల్లదు.

నాలుగో పాదాన్ని "తడిసి ముద్దనైతి గొడుగు లేక" అని కూడా రాయవచ్చు. "త"కి "గొ" యతి కాదు, కానీ ఇక్కడ ప్రాసయతి పనికొస్తుంది: "తడి"లో రెండో అక్షరం డ, "గొడు"లో రెండో అక్షరం డ, ముందున్న అక్షరాలు రెండూ లఘువులు. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో ఇది చెల్లుతుంది. కందంలో, వృత్తాల్లో చెల్లదు. నేను వద్దనుకున్నది మరో కారణంతో: గొడుగు సంగతి రెండో పాదంలోనే అయిపోయింది, మళ్ళీ చెప్పడం దండగ.

యతిలో నన్ను ఎక్కువ కాలం ఏడిపించింది సంధి. "వాడు + అక్కడ" కలిస్తే "వాడక్కడ". యతిస్థానంలో ఆ "డ" పడిందనుకోండి, చూడ్డానికి డ, లెక్కకు అ. పాదం మొదట "ట"నో "డ"నో పెట్టి యతి కుదిరిందనుకుంటే తప్పు. మొదట అ, ఆ, య, హ లాంటివి ఉండాలి. నా మొదటి ముప్పై పద్యాలను తిరిగి దిద్దుకుంటే దొరికిన యతి తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రకమే. అందుకే ఇప్పుడు యతిస్థానంలో ముందు మాట పెట్టుకుని, తర్వాతే పాదం వెనక్కీ ముందుకీ నింపుతాను. మొదటి గణం నుంచి వరసగా రాసుకుంటూ పోతే నాలుగో గణం దగ్గరికి వచ్చేసరికి మాట దొరక్క ఏదో ఒకటి ఇరికిస్తాం.

ఇరికించడం అంటే గుర్తొచ్చింది. పద్యానికి గణదోషం కంటే పెద్ద జబ్బు ఊతపదం. "నిజము, వినుము, మరియు, చాల, సుమ్మి, నేను" లాంటివి జేబులో చిల్లరలా ఉంటాయి, ఖాళీ గణం కనబడగానే చేయి అటే పోతుంది. పైన నా పద్యంలో "అటంచు" కూడా ఆ అంచులోదే. పద్యం అయ్యాక ఒక్కో మాటకీ అడ్డంగా వేలు పెట్టి, అది లేకుండా అర్థం నిలబడుతుందా అని చూస్తాను. నిలబడితే ఆ మాట పోవాలి. ఒక పద్యంలో ఇలాంటివి రెండు దాటితే పద్యం మొత్తం పక్కన పెట్టేస్తాను. అతుకులు వేసి బాగుచేసినవి ఒక్కటీ నిలబడలేదు.

తేటగీతి తేలిగ్గా వచ్చేసింది. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు; నాలుగు పాదాలూ ఒకటే కొలత; యతి మళ్ళీ నాలుగో గణం మొదటి అక్షరమే. నడుమ ఇంద్రగణాలు ఉండటం వల్ల, ఆటవెలదిలో చోటు దొరకని ఆ "రాలేదు" ఇక్కడ హాయిగా కూర్చుంది: "బస్సు రాలేదు రోడ్డుపై వాన నీరు". గల, గగల, గలగ, గల, గల. యతి "బ"కి "వా". ఇవాళ్టి మాట పద్యంలో వినబడాలనుకునేవాళ్ళకు నేను తేటగీతే చెబుతాను.

సీసం పేరు వింటే భయం, పని చూస్తే అంత లేదు. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. దాన్ని రెండు సగాలుగా చూసుకోవాలి: మొదటి సగంలో నాలుగు ఇంద్రగణాలు, రెండో సగంలో రెండు ఇంద్ర, రెండు సూర్య. ప్రతి సగంలో ఒకటో గణానికి మూడో గణంతో యతి. ఇలాంటి పాదాలు నాలుగు అయ్యాక కింద ఒక ఆటవెలదో తేటగీతో తప్పకుండా పెట్టాలి. ఒక పాదం:

అరుగుపై కూర్చున్న యవ్వ చేతుల లోన
వడియాల పిండికి వన్నె వచ్చె

అరుగుపై (నగ), కూర్చున్న (త), యవ్వ చే (ర), తుల లోన (సల). వడియాల (సల), పిండికి (భ), వన్నె, వచ్చె. "అవ్వ" అనకుండా "యవ్వ" అన్నది ఎందుకంటే పాదం నడుమ అచ్చు విడిగా నిలబడకూడదు, దాన్ని విసంధి అంటారు. యడాగమం వచ్చినా యతికి అక్కడ ఉన్నది అ గానే లెక్క, పాదం మొదటి "అ"తో సరిపోతుంది. గణాలు సరిచూసే సాఫ్ట్‌వేర్ విసంధి గురించి కిక్కురుమనదు. పాత పద్ధతి చదువరి మాత్రం ముందు పట్టుకునేది దాన్నే.

సీసంలో అసలు కష్టం గణాల్లో లేదు, పొడవులో ఉంది. ఎనిమిది సగాల్లో ఒకే విషయాన్ని ఎనిమిది సార్లు చెప్పే గుణం వచ్చేస్తుంది. నాలుగు పాదాలకు నాలుగు వేరు దృశ్యాలు ముందే వచనంలో రాసుకుని, ఎత్తుగీతిలో (కింద పెట్టే ఆ ఆటవెలదిలోనో తేటగీతిలోనో) వాటిని కట్టే ముడి ఏమిటో తేలాకే మొదలుపెట్టాలి. ముడి తేలకపోతే అది రెండు ఆటవెలదుల సరుకే, సీసానికి సరిపోదు.

ఇక కందం. "కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అని నానుడి ఊరికే పుట్టలేదు. కొలత చిన్నది, షరతులు ఎక్కువ. అన్నీ నాలుగు మాత్రల గణాలు (లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు): గగ, భ, జ (లగల), స (లలగ), నల. ఒకటో పాదంలో మూడు, రెండోదాంట్లో అయిదు, మళ్ళీ మూడు, మళ్ళీ అయిదు. మొత్తం 64 మాత్రలు. రెండేసి పాదాలను కలిపి ఎనిమిది గణాలుగా లెక్కపెడితే బేసి గణాల్లో జగణం రాకూడదు, ఆరోది జగణమో నలమో కావాలి, ఎనిమిదోది గురువుతో ముగియాలి. యతి రెండో, నాలుగో పాదాల్లో మాత్రమే, ఆ పాదం నాలుగో గణం మొదట. ప్రాస నాలుగు పాదాలకూ ఉండాలి. మొదటి పాదం గురువుతో మొదలైతే నాలుగూ గురువుతోనే, లఘువుతో అయితే నాలుగూ లఘువుతోనే మొదలవ్వాలి. సుమతి శతకం పద్యాలు కందాలే. చెవికి అదే మంచి పాఠం.

ఊరికి పోదామనగా
కారుకు పెట్రోలు లేదు, కాలినడకనే
చేరితి మామిడితోపును
తీరిక దొరికినది నేడు, దిగులే లేదే

రెండో పాదం నేను ఎన్నిసార్లు రాశానో చూపిస్తే కందం ఎక్కడ తిరగబడుతుందో తెలుస్తుంది. మొదట "కారులో పెట్రోలు" అన్నాను. "కారులో" గలగ, అయిదు మాత్రలు, ఒకటి ఎక్కువ. "కారుకు" చేశాను. తర్వాత "కారుకు డీజిలు చాలదు" అని చూశాను. మాత్రలు సరిగ్గా పన్నెండే, చదివితే బాగానే ఉంది, కానీ ఆరో గణంలో "చాలదు" పడింది. అది భగణం. అక్కడ జగణమో నలమో తప్ప పనికిరాదు. "పెట్రోలు లేదు" అన్నప్పుడు విడిపోయే తీరు చూడండి: పెట్రో (గగ), లు లేదు (లగల). మాట రెండు గణాల మధ్య చీలి జగణం దానంతట అదే పుట్టింది. అప్పటినుంచి ఆరో గణం కోసం ఒక చిట్కా పెట్టుకున్నాను: మూడక్షరాల గగల మాటని అయిదో గణంలో గురువుతో ముగిసే చోటికి నెట్టి, దాని చివరి లఘువు ఆరో గణంలోకి జారేలా చూడటం, దాని వెనక ఒక గల మాట పెట్టడం. పెట్రోలు లేదు, మామయ్య రాడు, సామాను లేదు అని కాగితం మీద వెర్రిమొర్రి జంటలు రాసుకుంటూ పోయాను. వాటిలో అర్థమున్నవి తక్కువ, కానీ జగణం చెవికి పట్టింది.

పాదం చివర మొదటి ప్రయత్నం "కారుకు పెట్రోలు లేక కష్టము కలిగెన్". గణాలు సరి, యతి సరి, చివర గురువు సరి. తప్పు ఒక్కటీ లేదు, ప్రాణమూ లేదు. "కలిగెన్"లో ఆ "న్" గురువు కోసం తగిలించింది. కందాల్లో ఈ నకారప్పొల్లు ఎంత ఎక్కువ కనబడితే కవికి గురువు అంత దొరకలేదని నాకు అనుమానం. "కాలినడకనే" వచ్చాక కాలిన (గలల), డకనే (లలగ) అని తనంతట తాను సర్దుకుంది. యతి "కా"కి "కా". నాలుగో పాదంలో "తీ"కి "ది", ఆరో గణం "ది నేడు", మళ్ళీ జగణమే.

ప్రాస రి, రు, రి, రి. హల్లు ఒకటైతే చాలు, అచ్చు ఏదైనా కావచ్చు. కానీ ఒక పాదంలో ప్రాసాక్షరానికి ముందు సున్నా ఉంటే నాలుగింటిలో ఉండాలి, ద్విత్వం ఉంటే నాలుగింటిలో ద్విత్వమే ఉండాలి. మూడో పాదం "చెరువును దాటితి..." అని మొదలుపెట్టబోయి ఆగాను. "రు" ప్రాసకు సరిపోతుంది గాని "చె" లఘువు, మిగతా మూడూ గురువులు. ప్రాస కోసం నా నోటు పుస్తకంలో ఒక్కో హల్లుకి రెండు వరసలు పెట్టుకున్నాను: గురువు ముందున్నవి ఒకవైపు (ఊరు, తీరిక, కారము, నేరము), లఘువు ముందున్నవి ఇంకోవైపు (చెరువు, మరల, పొరుగు, విరివి). ర, ల, న, త లాంటివి నాలుగు పాదాలకు సరిపడా దొరుకుతాయి. ఖ, ఛ, ఠలను ప్రాసగా ఎంచుకున్నవాడికి నిఘంటువే దిక్కు.

కందంతో తల వాచినప్పుడు నానీలు రాశాను. ఆచార్య ఎన్. గోపి 1997లో తెచ్చిన రూపం: నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు. గణం లేదు, యతి లేదు.

గొడుగు
ఇంట్లో నిద్రపోతోంది
వాన మాత్రం
నా భుజం మీద చెయ్యేసింది

ఇరవై మూడు అక్షరాలు. అదే వాన, అదే గొడుగు, ఆటవెలదిలో చెప్పలేని మాట ఇక్కడ చెప్పగలిగాను. అక్షరాలు లెక్కపెట్టడమే కదా అని తేలిగ్గా తీసుకుంటే వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసినట్టే ఉంటుంది. మొదటి రెండు పాదాల్లో ఒకటి చెప్పి, తర్వాతి రెండింటిలో దాన్ని తిప్పాలి. ఊతపదం ఇక్కడ ఇంకా స్పష్టంగా బయటపడుతుంది, దాక్కోవడానికి గణం వంక కూడా లేదు.

వృత్తాలకు తిరిగి వచ్చేసరికి అవి మొదట్లో ఉన్నంత బండరాళ్ళలా లేవు. ఉత్పలమాల: భ ర న భ భ ర వ, 20 అక్షరాలు, పదో అక్షరం యతి, ప్రాస తప్పదు. ఇక్కడ గణానికి బదులు గణం వేసే వీల్లేదు, ప్రతి అక్షరం చోటూ ముందే ఖాయం.

పల్లెకు పోవునాడు మన బండికి దారిని చూపు తారలే

పల్లెకు, పోవునా, డు మన, బండికి, దారిని, చూపు తా, రలే. పదో అక్షరం "బం", మొదటిది "ప". ఇలా ఒక్క పాదం కుదిరితే చంపకమాల పాదం దాదాపు ఉచితంగా వస్తుంది. ఉత్పలమాల మొదటి గురువుని రెండు లఘువులు చేస్తే చంపకమాలే: న జ భ జ జ జ ర, 21 అక్షరాలు, యతి పదకొండో అక్షరం. శార్దూలం మొదటి గురువుని అలాగే విడగొడితే మత్తేభం వస్తుంది. నాలుగు వృత్తాలు నేర్చుకుంటున్నామని కంగారు పడక్కర్లేదు, నిజానికి అవి రెండు నడకలు.

పై పాదాన్ని మార్చబోయి "పల్లెకు" బదులు "పొలముకు" అన్నాను. నాలుగు లఘువులు, గణాలన్నీ సరిపోయాయి. యతి పోయింది: "పొ"లో ఒ, "బం"లో అ. హల్లు కలిసి అచ్చు కలవని తప్పు, ఆటవెలది రోజుల నాటిదే. "పడమర" వేస్తే కుదిరింది: "పడమర పోవునాడు మన బండికి దారిని చూపు తారలే".

ఆ పాదానికి మిగతా మూడు ఇంకా కట్టలేదు. ప్రాస "ల్ల" నుంచి "డ"కి మారిపోయింది కాబట్టి ఉత్పలమాల కోసం ఏరుకున్న మాటలు పనికిరావు. రెండో అక్షరం డ, పాదం మొదట నాలుగు లఘువులు. నోటు పుస్తకంలో ఇప్పటికి గడపకు, విడిదికి, నడకను, వడివడి ఉన్నాయి. గొడుగును కూడా రాసుకున్నాను గాని, దానికి పదకొండో అక్షరం దగ్గర కు, గు, కొ, గో లాంటిదే కావాలి. "గోడ" తప్ప ఇంకేమీ తట్టడం లేదు.